ఏడు నిమిషాలు

ఆదివారం రాత్రి రేవు సద్దుమణిగాక
ఇస్మేనియా మొత్తం దించుతుంది.
ఎనభై నాలుగు టేబుళ్లు, ఒకే ఫైలు.
పడవ, పడవ యజమాని, వల, లైసెన్సు,
ఏ పూట ఏ చేప ఎన్ని పెట్టెలు ఒడ్డుకొచ్చిందో.
తల్లి వరస ముందు, పిల్ల వరస తర్వాత.
లేని పడవ మీద చేపలు రాస్తే ఒప్పుకోదు
తాల్కవానో రేవు చిట్టా.

మిగతా రాత్రుళ్లు, మారినవి మాత్రం.
సోమవారానిది ఆదివారం భుజమెక్కి నిలబడుతుంది,
మంగళవారానిది సోమవారం భుజమెక్కి.
ఒకటి తూలితే పైవన్నీ నేలమీదే.
పగలంతా లాగ్ రాస్తూనే ఉంటుంది
జరిగింది జరిగినట్టు, తీర్పు చెప్పకుండా;
పావుగంటకోసారి మూటగట్టి బయటికి పంపిస్తుంది.

తెల్లారేసరికి వెన్సెస్లావో వస్తాడు.
టేపుని రొట్టెల సంచిలో వేసుకుని కొండెక్కుతాడు.
"అంత పైకెందుకు?" అనడిగాను, కొత్తలో.
గోడ మీద నా తలకి జానెడు పైనున్న
ఉప్పు చారని వేలితో చూపించాడు.
సముద్రం ఒకసారి ఆఫీసుకొచ్చి వెళ్లిందట.
నేను మళ్లీ అడగలేదు.

"రెండో డిస్కు ఉందిగా, అచ్చం అద్దంలా!
ఇంకా ఈ టేపుల ఖర్చెందుకు?" అన్నాడు అధికారి.
"ఇది తందాన అంటే అది తాన అంటుంది సార్,
మంచికీ అంతే, చెడుకీ అంతే" అంది ఇస్మేనియా.
ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మార్చి, బుధవారం, మధ్యాహ్నం రెండూ పదహారు.
డానీలో తప్పుగా ఎక్కిన ఒక్క వరస తుడవబోయాడు.
ఏ వరసో చెప్పడం మరిచాడు.
తల్లి వరసలైతే పిల్లలు కాళ్లకి చుట్టుకుని ఆపేవి.
ఇవి పిల్లలు. వీటికెవరూ అడ్డుపడరు.
రెండు లక్షల పదకొండు వేల వరసలు తొలగించడమైనది,
అంది తెర, ఎంతో మర్యాదగా.
అద్దం వెంటనే తాన అంది.
డానీలో భయపడి ప్లగ్గు పీకేశాడు.
అదొక్కటే మిగిలింది చెయ్యడానికి, చేసేశాడు.

ఇస్మేనియా అరవలేదు. జుట్టు ముడేసుకుంది.
నెలకోసారి పాత మిషను మీద
టేపులు తిరిగెత్తి చూసే మనిషి ఆమె.
"ఎత్తి చూడనిది బ్యాకప్ కాదు, మొక్కుబడి" అంటుంది.
వెన్సెస్లావో మళ్లీ కొండెక్కాడు, ఈసారి పరుగున.
ఆదివారం, దాని మీద సోమవారం, దాని మీద మంగళవారం.
ఆ పైన బుధవారం లాగ్‌లు, మూట తర్వాత మూట.
తెర మీద రేవు మళ్లీ నడిచింది:
పొద్దున ఆరింటి పడవలొచ్చాయి, తూకమయ్యాయి, పోయాయి,
ఎవరో అడిగిన సవరణ మళ్లీ అడిగినట్టయింది,
రెండూ తొమ్మిది దగ్గర ఆగిపోయింది.
చివరి మూట అదే.
ఆ తర్వాతి ఏడు నిమిషాలూ ప్లగ్గుతో పాటే పోయాయి.

ఏడు నిమిషాల్లో మూడు పడవలు.
రాత్రి పదింటికి టార్చి పట్టుకుని రేవుకెళ్లాం.
ఇద్దరి జేబుల్లో తడిసిన చీటీలు దొరికాయి.
మూడో మనిషి నోల్బెర్తో వెంచుమాన్;
చీటీ గాలికి పోయిందన్నాడు.
"కవ్వలు ఎన్ని పెట్టెలు?"
ఆయన నీళ్లకేసి కాసేపు చూశాడు.
"ఇరవై ఆరు."
ఈ నెల ఆయన వాటాలో మిగిలింది సరిగ్గా ఇరవై ఆరే.
నా పక్కన డానీలో ఊపిరి బిగబట్టాడు.
మధ్యాహ్నం ఆ అంకె కొట్టింది తనే.
ముప్ఫై ఒకటని నాతో తర్వాత అన్నాడు, చాలా తర్వాత.
ఆవేళ నోరెత్తే మొహం ఎక్కడిది వాడికి?

ఇస్మేనియా ఇద్దరినీ చూసింది.
టార్చి కిందికి దించి రాసుకుంది: ఇరవై ఆరు.

ఆదివారం రాత్రి మళ్లీ మొత్తం దించింది.
అసలుకీ నకలుకీ ఒక్క అంకె తేడా లేదు.
సోమవారం పొద్దున అది రొట్టెల సంచిలో
కొండెక్కింది.